దిగువపేట కార్తెల కొట్టు

అశ్విని

కొట్టు నడిపే ప్రతివాళ్ళూ కార్తెకోసారి నాలుగు ముక్కలు రాసి పెట్టాలని తూకాల కార్యాలయం హుకుం జారీ చేసింది. పచ్చళ్ళ కొట్టాయన "ఉప్పు అయిపోయింది" అని ఒక్క మాట రాసి ఊరుకున్నాడట. నాకంత పొదుపు చేతకాదు. పుస్తకాలతో బతికేదాన్ని, మాటలు కాస్త ఎక్కువే పడతాయి. చదివేవాళ్ళు ఓపిక చేసుకోవాలి.

నా పేరు హైమవతి. దిగువపేటలో మూడో సొరంగం మలుపు దగ్గర, గాలి యంత్రాల గోడని ఆనుకుని ఉన్నది నా కొట్టే. ఊరి మొత్తానికి పుస్తకాల కొట్టు ఇదొక్కటే. పైన ఎర్రదుమ్ము, కింద మేము. భూమ్మీద ఉన్నప్పుడు పెద్దవాళ్ళు కుజదోషం ఉందని సంబంధాలు తప్పించేవారట. కుజుడి మీదే కాపురాలు పెట్టాక ఇక దోషమేమిటి, శాంతేమిటి!

ఇక్కడ ఎండా లేదు, వానా లేదు. ఏడాది పొడుగునా ఒకటే వెచ్చదనం, ఒకటే దీపాల వెలుతురు. అందుకే మా అమ్మ కొట్టు తెరిచిననాడే ఒక పద్ధతి పెట్టింది: కార్తెకో పుస్తకం. భూమ్మీద ఆ కార్తెకి లోకం ఎలా ఉంటుందో ఆ రుచి తగిలే కథని, అక్కడి నుంచి వచ్చిన పాత కథల భండారంలోంచి ఏరాలి. కాసిని ప్రతులు అచ్చు వేయాలి. ఏది ఎవరికి నప్పుతుందో మొహం చూసి చేతిలో పెట్టాలి. ఇక్కడి కార్తె భూమి కార్తెకి దాదాపు రెండింతలు కాబట్టి నింపాదిగా చదువుకోవచ్చు. మొన్న మా వీధి పిల్ల ఒకతె "హైమక్కా, రోహిణిలో మళ్ళీ ఉక్కపోస్తుందా?" అని అడిగింది. దాని పుట్టుకలో ఉక్కపోత ఎరగదు. నా పుస్తకం చదివి చెమట పట్టిందన్నమాట. ఇంతకంటే నాకేం కావాలి?

అయితే ఈ ఏడు ఒక మార్పు వచ్చింది. భూమి నుంచి కాగితం రావడం ఆగిపోయింది. "మీ నార మీరే తిప్పుకోండి" అన్నారు. అంటే పాత పుస్తకాన్ని గుజ్జు చేసుకుంటేనే కొత్త పుస్తకం. రేవతి కార్తెలో తూకం వేస్తారు. కొట్టు పేరున రాసిన నారలో సగమైనా ఆ రోజు చూపించాలి. చూపించలేకపోతే వాటా మొత్తం గాలి వడపోత గుడ్డలు నేసే కార్ఖానాకి వెళ్ళిపోతుంది, కొట్టు మూసేసి నేను కూడా వెళ్ళి ఆ గుడ్డలే నేయాలి. తూకాల అధికారి పైడితల్లి గారు ఈ మాట చెబుతుంటే నేను నవ్వాను. "దానికేం భాగ్యమండీ, చదివినవాళ్ళు తెచ్చి ఇస్తారు, నేను నానబెడతాను" అన్నాను.

భరణి

గుజ్జు తొట్టి వచ్చింది. గాజుది. ఎంత ముచ్చటగా ఉందో! దాన్ని కొట్టు వెనక పెట్టమని మా ఆయన గవర్రాజు చెప్పాడు. "నలుగురూ చూస్తే కదా సంగతి తెలిసేది" అని నేను దాన్ని వీధి వైపు, దీపం కింద పెట్టించాను. తిరిగొచ్చిన మొదటి పుస్తకాన్ని జనం చూస్తుండగా అందులో వేసి మీట నొక్కాను.

పేజీలు విచ్చుకున్నాయి. అక్షరాలు నల్లగా కరిగి నీళ్ళల్లోకి దిగాయి. పైన తవ్వకాల్లో బరమా యంత్రం నడిపే అప్పలసూరి, కొండ లాంటి మనిషి, చెప్పులు విప్పి చెంపలు వేసుకున్నాడు. ఒక ముసలమ్మ మనవరాలి కళ్ళు మూసింది.

కాలు తగిలితే పుస్తకాన్ని కళ్ళకద్దుకునే జాతి మాది. అలాంటివాళ్ళ కళ్ళెదుట సరస్వతిని పప్పు ఎనిపినట్టు ఎనిపేశాను. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

కృత్తిక

ఒక్క పుస్తకం కూడా తిరిగి రాలేదు. తొట్టిని వెనక్కి మార్పించాను. "నేనప్పుడే చెప్పాను" అన్నాడు గవర్రాజు. ఆ మాట అనకుండా ఉంటే ఆ పూట అన్నం అరగదు మనిషికి.

రోహిణి

భూమ్మీద ఈ కార్తెలో రోళ్ళు పగులుతాయట. నేను ఎండల కథ ఒకటి వేశాను, బావి ఎండిపోయిన ఊళ్ళో మంచినీళ్ళ కుండ పెట్టుకుని కూర్చున్న మనిషి కథ. ప్రతులన్నీ రెండు పూటల్లో పోయాయి. పోవడమే కానీ రావడం లేదు.

అడిగితే సాకులు. "ఇంకో రెండు పేజీలున్నాయి, అక్కా." "మా చెల్లి పట్టుకెళ్ళింది." "మంచం కింద పడిపోయింది, మంచం జరగట్లేదు." ఒకాయనైతే మొహమాటం లేకుండా "ఇస్తే చంపేస్తారుగా" అన్నాడు. నేను కసాయిదాన్నయినట్టు!

బడిలో చెప్పే సలోమి టీచర్ వచ్చింది. తను ఒక పుస్తకం రాసిందట. ఈ ఊళ్ళో పుట్టిన మనిషి ఇక్కడే కూర్చుని రాసిన మొదటి పుస్తకం.

"దేని గురించి, టీచర్?"

"ఇక్కడి కాలాల గురించి."

"ఇక్కడ కాలాలెక్కడున్నాయమ్మా?"

తను నొచ్చుకోలేదు. "చదివి చెప్పండి" అని నవ్వింది. కాగితం సమకూరగానే వేస్తానన్నాను. భూమి నుంచి వచ్చిన చివరి కాగితం బేళ్ళు అడుగంటుతున్నాయి. సమకూరేది ఎక్కడి నుంచో నాకే తెలియదు.

మృగశిర

ఉపాయం తట్టింది! నా రోగమేమిటంటే ఎవరికి ఏది నచ్చుతుందో నాకు ఇట్టే తెలిసిపోతుంది. నచ్చినదాన్ని ఎవరు వదులుతారు? అదే, గిట్టనిది అంటగడితే మర్నాడే తెచ్చి బల్ల మీద విసిరికొడతారు. కాబట్టి ఈ కార్తె నుంచి అందరికీ తప్పు పుస్తకాలే ఇస్తాను. అమ్మ వింటే చెవి మెలేసేది.

అప్పలసూరి వచ్చి "హైమమ్మా, కొట్లాటలున్నదేదైనా ఇయ్యండి" అన్నాడు. ఇద్దరు మొహమాటస్తుల ప్రేమకథ ఇచ్చాను. కథ సగం వాళ్ళు తలుపు చాటున నిలబడి నిట్టూర్చడమే. దయ్యమంటే జడిసే వంటశాల ఆవిడకి పాడుబడ్డ మేడ కథ ఇచ్చాను. కొత్తగా పెళ్ళయిన జంటకి మూడు తరాల పొలం గట్టు తగాదా ఇచ్చాను. ఇవ్వడానికి మనసొప్పలేదు. అయినా ఇచ్చాను.

ఆరుద్ర

కొంప మునిగింది.

వంటశాల ఆవిడ ఆ దయ్యం పుస్తకాన్ని రోజూ గరిటె తిప్పుతూ పైకి చదువుతోందట, ఊరు ఊరంతా భోజనానికి ముందే వెళ్ళి కూర్చుంటోంది. కొత్త దంపతులు పొలం గట్టు తగాదాలో చెరో పక్షం పట్టి, రోజూ వాదించుకుని, నవ్వుకుని, మునుపటికంటే అన్యోన్యంగా ఉన్నారు. అప్పలసూరి మాత్రం తలొంచుకుని వచ్చాడు. హమ్మయ్య, ఒక్కటైనా వచ్చిందనుకున్నాను.

"ఏటండీ హైమమ్మా, అలాటి పుస్తకం ఇచ్చీసినారు?" అన్నాడు.

"నచ్చలేదా సూరీ? పోనీలే, ఇచ్చెయ్."

"నచ్చకపోడమేటి! ఆ పిల్ల నోరిప్పి సెప్పదు, ఆడు అడగడు. గుండె పట్టీసినట్టుంది. మా ఆడదానితో నేను ఇన్నేళ్ళలో సెప్పని మాటలు నిన్న సెప్పీసినాను. ఇయ్యను. సచ్చినా ఇయ్యను."

ఏం చెప్పను? ఒక పక్క తల బాదుకోవాలనిపించింది, మరో పక్క గర్వంతో ఛాతీ ఉబ్బింది. ఊరంతటికీ నచ్చనిది వెతికి ఇచ్చినా నచ్చుతోందంటే నేను మంచి కొట్టుదాన్నే. మంచి కొట్టుదాన్నయినందుకే కొట్టు పోయేలా ఉంది.

మఖ

చివరి బేలు అయిపోయింది. ఈ కార్తెకి నాలుగు పేజీల కథ తప్ప వేయలేకపోయాను.

ఇల్లిల్లూ తిరిగాను. తలుపు కొడితే లోపల గబగబా ఏదో దాచిన చప్పుడు. కాఫీ ఇచ్చారు, కుర్చీ వేశారు, పుస్తకం మాత్రం ఇవ్వలేదు. నలుగురు మాత్రం వచ్చే కార్తెకి తప్పకుండా తెస్తామని మాటిచ్చారు.

పుబ్బ

మఖలో పుట్టి పుబ్బలో పోయినట్టు ఆ మాట కాస్తా పోయింది. సామెతలు ఊరికే పుట్టవు.

హస్త

అలమారలు ఖాళీ. "హస్త పుస్తకం ఏది హైమక్కా?" అని వస్తున్నారు. "మీ ఇళ్ళల్లోనే ఉంది, తెచ్చి ఇస్తే వేసి పెడతాను" అంటున్నాను. మొహం తిప్పుకుని వెళ్ళిపోతున్నారు. పుస్తకం లేక హస్త వచ్చిందో లేదో కూడా జనానికి తెలియడం లేదు. ఒకావిడ పలకరింపుగా "ఇప్పుడు ఏ కార్తె నడుస్తోంది?" అని అడిగింది. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. లోపలికి వెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను.

స్వాతి

పైడితల్లి గారు ముందస్తు తనిఖీకి వచ్చారు. ఖాళీ అలమారలు చూసి కుర్చీలో కూలబడ్డారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. వడపోత గుడ్డ చిరిగితే ఊరు దగ్గుతుంది, ఆ బరువు ఆవిడ మీద ఉంది.

"హైమవతి గారూ, రేవతికి ఇలాగే ఉంటే నేను రాయక తప్పదు. మీరు గట్టిగా అడగలేరా?"

"అడగడం కాదండీ, కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ."

"ఏం మనుషులండీ! కాగితమే కదా. పుస్తకాల్ని దేవుళ్ళలాగా చూస్తే ఎలా?"

నా నోరు నా మాట ఎప్పుడు విన్నది కనక. "దేవుడే అయితే ఈపాటికి ముంచేసేవాళ్ళం!" అన్నాను విసురుగా.

అన్నాక నా మాట నాకే కొత్తగా వినిపించింది. పైడితల్లి గారు కూడా నా వైపే చూస్తున్నారు.

నిజమే కదా! వినాయకుణ్ణి ఎంత ముద్దు చేస్తాం? పత్రి తెస్తాం, ఉండ్రాళ్ళు పెడతాం, పాటలు పాడతాం. ఆఖరికి మేళతాళాలతో తీసుకెళ్ళి నీళ్ళల్లో కలిపేస్తాం. ఎవరూ పాపమనుకోరు. మళ్ళీ ఏడాదికి రమ్మంటాం. పూజ లేకుండా ముంచితేనే పాపం. నేను భరణిలో చేసింది అదే. సాగనంపకుండా, పలకరించకుండా, చెత్త పడేసినట్టు పడేశాను.

"రేవతి నాడే పెట్టుకుందామా?" అన్నారు పైడితల్లి గారు. ఆవిడ గొంతులోనూ ఊపు వచ్చింది.

మూల

ఊరంతా చెప్పి వచ్చాను. రేవతిలో పుస్తకాల నిమజ్జనం. ఎవరి పుస్తకంలో వాళ్ళకి ఇష్టమైన పేజీ పైకి చదివి, నలుగురికీ వినిపించి, తరవాత తొట్టిలో వేయాలి.

జనం విన్నారు. బాగానే ఉందన్నారు. ఎవరూ వస్తామని మాత్రం అనలేదు.

ఇంటికొచ్చి చిందులు తొక్కాను. "ఇన్నేళ్ళు చేతిలో పెట్టి ఇచ్చాను కదా, ఒక్కరికైనా విశ్వాసం ఉందా? తీసుకోవడం తెలుసు, వదలడం తెలీదు!"

గవర్రాజు అన్నం కలుపుకుంటూ తలెత్తలేదు. "ఆయ్, నిజమేనే. మరి నీ తలగడ కింద ఉన్నదేటో?"

లేచి వెళ్ళి తలగడ ఎత్తాను.

వరద గోదారిలో బల్లకట్టు నడిపే అక్కచెల్లెళ్ళ కథ అది. అమ్మ ఈ కొట్టులో వేసిన మొట్టమొదటి పుస్తకం. ఆవిడ పోయాక అలమారలోంచి తెచ్చుకున్నాను, మళ్ళీ పెట్టలేదు. కొట్టు నారే, కొట్టు లెక్కే. ఊరందరినీ ఇవ్వమని తిరుగుతున్నానే గానీ ఆ పుస్తకం నాకు ఒక్కసారి గుర్తుకు రాలేదు. గుర్తు రానివ్వలేదేమో.

"అది వేరు" అన్నాను.

"అందరికీ వాళ్ళది వేరేనే" అన్నాడు, ఈసారి ఎగతాళిగా కాదు, మెల్లగా.

ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషి ఇంత సరైన మాట అన్నది ఇదే. ఆ సంగతి అతనికి చెప్పలేదు, చెబితే నెత్తికెక్కుతాడు.

రేవతి

తొట్టిని వంటశాల ముందున్న చావడిలోకి తెప్పించాం. పసుపు రాసి, బొట్టు పెట్టి, తోట వాళ్ళిచ్చిన బంతిపూలు చుట్టాం. కుర్రాళ్ళు ఖాళీ గాలి పీపాలు తెచ్చి డప్పులు చేసుకున్నారు. వంటశాల ఆవిడ వడపప్పు, బీట్‌రూట్ పానకం చేసింది. పైడితల్లి గారు కాటా పక్కన నిలబడ్డారు. జనం బాగా వచ్చారు. చాలామంది చంకల్లో ఏదో ఉంది, కొంగుల కింద, కోట్ల కింద. కానీ చేతిలోకి రాలేదు.

ముందు నేనే వెళ్ళాను. అమ్మ పుస్తకం తెరిచి, వరద తగ్గిన పొద్దున్న అక్క తాడు విప్పి, చెల్లెలికి తెడ్డు ఇచ్చే పేజీ చదివాను. సగంలో వరస తప్పి ఆగిపోయాను. డప్పులు ఆగాయి. ఎలాగో చివరిదాకా చదివి, కళ్ళకద్దుకుని, నీళ్ళల్లో వదిలాను. అమ్మ రెండోసారి పోయినంత పనయింది.

ఎవరూ కదల్లేదు. పైడితల్లి గారు నేల చూపులు చూస్తున్నారు. అయిపోయింది, అమ్మ పుస్తకమూ పోయింది, కొట్టూ పోయింది అనుకున్నాను.

"తప్పుకోండి, తప్పుకోండి" అంటూ అప్పలసూరి వచ్చాడు. తన బరమా జట్టు మగాళ్ళందరి ముందూ నిలబడి, ప్రేమకథ తెరిచి, ఆ పిల్ల ఆఖరికి నోరు విప్పే పేజీ చదివాడు. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ, చెమటలు కక్కుతూ.

"ఓలమ్మో, ఈయనేనేటి?" అంది వాళ్ళావిడ. చావడంతా ఘొల్లుమంది. నవ్వుతూనే సగం మంది కళ్ళు తుడుచుకున్నారు. అతను పుస్తకాన్ని నెత్తిన పెట్టుకుని, "మళ్ళా రావాలమ్మా" అని నీళ్ళల్లో వేశాడు. డప్పులు మొదలయ్యాయి.

ఆ తరవాత వరసే వరస. కొత్త దంపతులు పొలం గట్టు తగాదాని చెరో పాత్రగా తిట్టుకుంటూ చదివారు. వంటశాల ఆవిడ దయ్యాన్ని పిలిస్తే పిల్లలు కెవ్వుమన్నారు. సలోమి టీచర్ నా కొట్టులో తీసుకున్న పుస్తకం పట్టుకుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి వేసింది. ఎవరి పద్ధతి వాళ్ళది. ఒక్కొక్కరూ చదువుతుంటే, నేను ఎవరికి ఏది ఎందుకిచ్చానో ఒక్కొక్కటే తెలిసొచ్చింది. సగం నేననుకున్నందుకు కానే కాదు. ఎండల కథలో నేను ఎండ చూశాను, చదివినాయన కుండ పెట్టుకుని కూర్చున్న మనిషి ఓపిక చూశాడు.

గుజ్జుని కాటా మీదికి ఎత్తబోతే పైడితల్లి గారు చెయ్యి అడ్డం పెట్టారు. "నీళ్ళు కాదండీ నేను తూచేది, నార. పిండండి." చావడిలో ఉన్నవాళ్ళందరం గుడ్డల్లో కట్టి పిండాం. పిండినకొద్దీ బరువు తగ్గుతుంటే నా ప్రాణం కూడా పోతూ వచ్చింది. ఆఖరికి కాటా మీద పెట్టాం. ముల్లు ఊగింది, ఊగింది, సగం గీత దాటి నిలబడింది. పైడితల్లి గారు ఆ తూకం పైకి చదవకముందే పీపాలు మోగాయి. ఆవిడని కూడా ఎవరో లాగి చిందు వేయించారు.

ముగ్గురో నలుగురో ఇవ్వలేదు. పోనీ. నేనూ ఇన్నాళ్ళు ఇవ్వలేదుగా.

మళ్ళీ అశ్విని

ఆ గుజ్జుతో వేసిన మొదటి పుస్తకం సలోమి టీచర్‌ది. కాగితం కాస్త గరుకుగా, బూడిదరంగుగా వచ్చింది. చేతికి బాగుంది.

ఇంతవరకు చదవకుండా ఎవరికీ పుస్తకం ఇవ్వలేదు కాబట్టి కొట్టు సగం మూసి, బల్ల దగ్గర కూర్చుని చదివాను. పైన దుమ్ము తుపాను లేచిన రోజుల్లో దీపాలు ఒక్క పిసరు మందగిస్తాయట, తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కుని పడుకుంటారట. ఆ తరవాత గోడలకి చెమ్మ పడుతుందట. గాలి యంత్రాల రొద చెమ్మ రోజుల్లో ఒకలా, పొడి రోజుల్లో ఒకలా ఉంటుందట. చదువుతూ వెనక గోడ మీద చెయ్యి వేశాను. తడిగా ఉంది. నేను పుట్టినప్పటి నుంచీ ఆ గోడకి వీపు ఆనించే కూర్చుంటున్నాను. ఇక్కడ కాలాలు లేవని ఊరందరికీ చెప్పిందాన్ని కూడా నేనే. సిగ్గేసింది, దాన్ని మించి సంతోషం వేసింది. టీచర్ దగ్గరికి పరిగెత్తి కావలించుకున్నాను.

మొదటి ప్రతి అప్పలసూరికిచ్చాను. తుపాను లేస్తే అందరికంటే ముందు పైనుంచి దిగి వచ్చేది అతనే కదా.

కార్తె సగం కూడా గడవలేదు, ఈ పొద్దున్న ఆ పుస్తకం పట్టుకుని వచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఏం సూరీ, నచ్చలేదా?"

"అదేటండి అలగంతారు! రెండుసార్లు సదివీసినాను. మా ఆడది కూడా సదివింది."

"మరి ఇచ్చేస్తున్నావేం? ఎవరూ అడగలేదుగా."

అతను గుమ్మం వైపు చూశాడు, ఎవరూ లేరని రూఢి చేసుకున్నాడు. గొంతు తగ్గించి అన్నాడు. "టీచరమ్మ కిందున్న కాలాలే రాసింది. పైన తుపానులో మా బరమా కాడ ఎలాగుంటాదో ఆవిడకేటి తెలుసు? నేను రాత్తన్నాను, హైమమ్మా. పలక మీద. ఇప్పటికి కొంచెం అయింది. దానికి కాగితం కావాల కదా. మరి నేను పట్టుకుని కూకుంటే కాగితం ఎక్కణ్ణుంచి వత్తాది?"

అని, బరమా పట్టి మొద్దుబారిన వేళ్ళతో బల్ల అంచు పట్టుకుని అడిగాడు. "నాకు ఏ కార్తె ఇత్తారు?"

ఈ ఏటి స్వాతి కార్తె ఇంకా ఎవరికీ ఇవ్వలేదని చెప్పాను.